అకారణ నిద్రలేమి

పసితనంలోనే మొదలై, పెద్దయినా తగ్గక, వృద్ధాప్యం దాకా వెంట వచ్చే నిద్రలేమికి ఎంత వెతికినా కారణం దొరకనప్పుడు దాన్ని అకారణ నిద్రలేమి అంటారు. వైద్యుల పుస్తకాల్లో దీని పేరు ఇడియోపతిక్ ఇన్సోమ్నియా. గ్రీకులో ఇడియోస్ అంటే సొంతమైనది, పాథోస్ అంటే బాధ. ఇంకో జబ్బు నుంచి పుట్టకుండా తనంతట తానే ఉన్న బాధ అన్నమాట. తెలుగులో 'అకారణ' అంటున్నా కారణమే లేదని దాని భావం కాదు. ఇప్పుడున్న పరీక్షలకు అది అందలేదని మాత్రమే.

పరీక్షల ముందు, పెళ్లి పనుల్లో, అప్పుల బెంగలో నిద్ర పట్టకపోవడం ఎవరికైనా ఎదురయ్యేదే. అలాంటి నిద్రలేమికి ఒక మొదలు ఉంటుంది: ఫలానా ఏడు నాన్న పోయాక, ఫలానా ఉద్యోగంలో చేరాక అని చెప్పగలుగుతారు. అకారణ నిద్రలేమి ఉన్నవారిని 'ఎప్పటి నుంచి?' అని అడిగితే 'నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంతే' అంటారు. అంతకంటే వెనక్కి వెళ్లాలంటే తల్లిని అడగాలి. ఉయ్యాల ఊపి ఊపి చేతులు పడిపోయేవనీ, ఇల్లంతా మాటుమణిగాక కూడా పిల్ల చీకట్లో కళ్లు విప్పార్చుకుని దూలాలు చూస్తూ పడుకునేదనీ ఆమె చెప్పే మాటే చాలాసార్లు వైద్యుడికి దొరికే మొదటి ఆధారం.

పెద్దవాళ్లలో దాదాపు పదిమందికి ఒకరు దీర్ఘకాల నిద్రలేమితో ఉంటారని అంచనా. అందులో ఆడవారు ఎక్కువ. పుట్టుకతో వచ్చినట్టుండే ఈ అకారణ రకం మాత్రం అరుదు. యువతలో దీని వాటా 1 శాతానికి అటూ ఇటూ ఉంటుందని నిద్ర వైద్యుల లెక్క.

లక్షణాలు

మంచం మీద వాలాక నిద్ర పట్టడానికి గంట, రెండు గంటలు తీసుకోవడం, పట్టిన నిద్ర ముక్కలు కావడం, అర్ధరాత్రి మెలకువ వస్తే మళ్లీ రెప్ప వాలకపోవడం ఏ నిద్రలేమిలోనైనా కనిపించేవే. ఈ రకాన్ని విడిగా చూపేవి రెండు. ఒకటి, చిన్నతనంలో ఏ సంఘటనా లేకుండా మొదలు కావడం. రెండు, మధ్యలో చెప్పుకోదగ్గ విరామం లేకపోవడం. సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్లినా, ఉద్యోగం మారినా, అప్పు తీరినా రాత్రి తీరు మారదు. మామూలు నిద్రలేమి కష్టసుఖాలను బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఇది వాటిని పెద్దగా పట్టించుకోదు.

నిద్రపోవడానికి వ్యవధీ, వసతీ ఉండి కూడా నిద్ర రాకపోవడమే నిద్రలేమి. రాత్రి రెండింటి దాకా చదివి ఐదింటికి లేచే ఇంటర్ విద్యార్థిది నిద్ర కరువు. ఈ రెంటికీ తేడా పగలు తెలుస్తుంది. నిద్ర కరువైన మనిషిని మధ్యాహ్నం చీకటి గదిలో పడుకోబెడితే నాలుగైదు నిమిషాల్లో గుర్రు పెడతాడు. నిద్రలేమి ఉన్న మనిషి అలా కాదు. ఒళ్లు బరువు, తల మొద్దుబారినట్టు, కళ్లు మంట, చదివిన పేరానే మళ్లీ చదవాల్సి రావడం, చిన్న మాటకే విసుగు అన్నీ ఉంటాయి. పడుకుంటే మాత్రం కునుకు రాదు. పగటిపూట రెండేసి గంటలకొకసారి పడుకోబెట్టి నిద్ర పట్టే సమయం కొలిచే ప్రయోగశాల పరీక్షలో కూడా వీరికి ఆరోగ్యవంతుల కంటే తక్కువేమీ పట్టదు, చాలాసార్లు ఎక్కువే పడుతుంది. అలసటా మత్తూ ఒకటి కాదనడానికి ఇంతకంటే మంచి రుజువు అక్కర్లేదు.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని సామెత. అలసిన ఒంటికి కటిక నేలైనా చాలునన్న ఊహ మీద ఆ మాట నిలబడింది. అకారణ నిద్రలేమి ఆ ఊహకే మినహాయింపు. పట్టుపరుపు వేసినా, పొలం పని చేయించినా ఫలితం పెద్దగా మారకపోవడం చూసి ఇంట్లోవాళ్లు మొదట ఆశ్చర్యపోతారు, తర్వాత అనుమానిస్తారు.

చరిత్ర

నిద్ర పట్టనితనం కొందరికి స్వభావంగానే ఉంటుందన్న గమనింపు పాతది. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం శరీరాన్ని నిలబెట్టే మూడు ఊతకర్రలని చెప్పిన చరక సంహిత, సూత్రస్థానం 21వ అధ్యాయంలో నిద్ర చెడడానికి కారణాలు లెక్కపెడుతుంది. పని, కాలం, రోగం, వాతం అనే వాటితో పాటు ప్రకృతి అన్న మాట కూడా అక్కడ ఉంది. అంటే పుట్టుకతో వచ్చిన తత్వమే కొందరికి నిద్ర తక్కువ చేస్తుందని. నేటి వర్గీకరణతో దాన్ని ముడిపెట్టేయడం తొందరపాటు అవుతుంది గానీ, ఏ బాధా ఏ పనీ లేకుండానే నిద్ర రానివాళ్లు వేరే ఉన్నారని ఆ వైద్యులు గుర్తించారన్నది మాత్రం స్పష్టం.

ఆధునిక వైద్యంలో మొదటి గట్టి ఆధారం ఒక మహమ్మారి నుంచి దొరికింది. 1917లో వియన్నాలో కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎకానమో మెదడువాపు రోగులను పరిశీలిస్తూ, వారిలో ఎక్కువమంది రోజుల తరబడి నిద్రలో మునిగిపోతుండగా కొందరికి అసలు నిద్రే పట్టకపోవడం చూశాడు. చనిపోయినవారి మెదళ్లు కోసి చూస్తే హైపోథాలమస్ వెనుక భాగం దెబ్బతిన్నవారు నిద్రాళువులు, ముందు భాగం దెబ్బతిన్నవారు నిద్ర రానివారు అని తేలింది. నిద్ర అంటే మెదడు అలసి ఆగిపోవడం కాదనీ, నిద్రపుచ్చడానికి మెదడులో ప్రత్యేకమైన చోటు ఉందనీ అలా తెలిసింది. 1996లో హార్వర్డ్‌లో క్లిఫర్డ్ సేపర్ బృందం ఆ ముందు భాగంలోనే, నిద్రలో చురుకయ్యే నాడీకణాల గుంపును ఎలుకల్లో గుర్తించింది.

బాల్యం నుంచి ఉన్న నిద్రలేమిని విడిగా తీసి చూసినవాడు స్విట్జర్లాండ్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన పీటర్ హౌరి. ఆయన ఆల్మ్‌స్టెడ్‌తో కలిసి 1980లో ప్రచురించిన పరిశోధనలో చిన్నప్పటి నుంచీ నిద్ర లేనివారిని, పెద్దయ్యాక నిద్ర పోగొట్టుకున్నవారితో పక్కపక్కన పెట్టి చూశాడు. మొదటివారికి నిద్ర పట్టడానికి ఎక్కువసేపు పట్టింది, మొత్తం నిద్రా తక్కువే. కలలు వచ్చే దశలో కనుగుడ్లు వేగంగా కదలాలి. వీరిలో ఆ కదలిక లేని భాగాలు ఎక్కువగా కనిపించాయి. నిద్రను నడిపే నాడీ వ్యవస్థలోనే ఏదో చిన్న తేడా ఉండి ఉంటుందని ఆయన ఊహ. మనసుకు సంబంధించి ఆ తర్వాతి వైద్యులు రాసుకున్నది ఇంకా ఆసక్తికరం. అన్నేళ్లుగా నిద్ర లేకున్నా, మరీ తీవ్రం కాని రోగుల్లో చాలామంది మానసికంగా అనుకున్నదానికంటే నిబ్బరంగా ఉన్నారు. తక్కువ నిద్రే మామూలనుకుని పెరిగినవారికి పోగొట్టుకున్నామన్న బాధ తక్కువ కావచ్చు.

నిద్ర రుగ్మతల అంతర్జాతీయ వర్గీకరణ 1990లో వెలువడినప్పుడు అకారణ నిద్రలేమికి అందులో విడి పద్దు దక్కింది. 2005 నాటి రెండో కూర్పులోనూ ఉంది. 2014 నాటి మూడో కూర్పులో ఆ పద్దు తీసేశారు. దీర్ఘకాల నిద్రలేమి అనే ఒకే పెద్ద గొడుగు కింద అన్నీ చేర్చారు. వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలు, పగటి పనికి ఇబ్బంది అన్నవే ఇప్పుడు కొలతలు. అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 కూడా అంతకు ఏడాది ముందే ఇదే దారి పట్టింది. ఒకే రోగిని ఇద్దరు వైద్యులు చూస్తే రెండు ఉపరకాలు రాస్తున్నారనీ, రకం ఏదైనా వైద్యం ఒకటేననీ దానికి చెప్పిన కారణాలు. వాదన న్యాయమైనదే. కానీ నలభయ్యో ఏట నిద్ర చెడినవాడినీ, నాలుగో ఏట నుంచే నిద్ర లేనివాడినీ ఒకే చీటీ మీద రాస్తే రెండోవాడి కథలో సగం జారిపోతుంది. అందుకే కొందరు వైద్యులు పాత పేరును నోటిమాటగా ఇంకా వాడుతూనే ఉన్నారు.

కారణాల అన్వేషణ

నిద్రను రెండు బలాలు నడుపుతాయని 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ ప్రతిపాదించాడు. మొదటిది నిద్ర బాకీ: మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ వంటి పదార్థాలు పేరుకుని నిద్ర ఒత్తిడి పెంచుతాయి. కాఫీ చేసేది ఆ అడినోసిన్ కూర్చునే పీటను ముందే ఆక్రమించడం. రెండోది మెదడులోని గడియారం: వెలుతురును బట్టి పగలూ రాత్రీ గుర్తుపట్టే కణాల గుంపు. సాయంత్రం దాకా బాకీ పెరుగుతుంది, రాత్రి కాగానే గడియారం తలుపు తీస్తుంది, మనిషి నిద్రలోకి జారతాడు. మేలుకొలిపే కేంద్రాలూ నిద్రపుచ్చే కేంద్రాలూ ఒకదాన్నొకటి అణచుకుంటూ ఉయ్యాలబల్లలా పనిచేస్తాయి. ఒకవైపు దిగితే రెండోవైపు లేస్తుంది. మధ్యలో ఎక్కువసేపు నిలవదు. అకారణ నిద్రలేమిలో ఆ బల్ల మెలకువ వైపు కాస్త ఒరిగే తయారైందా, లేక నిద్రపుచ్చే వైపు బరువు చాలడం లేదా అన్నది తేలలేదు.

ఎక్కువ ఆధారాలున్నది మితిమీరిన మెలకువ అనే సిద్ధాంతానికి. నిద్రలేమి రాత్రిపూట మాత్రమే ఉండేది కాదనీ, ఇరవై నాలుగు గంటలూ ఒళ్లు ఒక మెట్టు పైన నడుస్తుండటమే అసలు సంగతనీ దాని సారం. 1990లలో బానెట్, అరాండ్ అనే పరిశోధకులు నిద్రలేమి రోగులు పగలూ రాత్రీ కూడా ఎక్కువ ఆక్సిజన్ వాడుతున్నారని కొలిచి చూపారు. ఒత్తిడి హార్మోన్ కార్టిసోల్ సాయంత్రం, రాత్రి తొలి భాగంలో వీరిలో ఎక్కువగా ఉంటుందని 2001లో వెల్లడైంది. 2004లో నోఫ్‌జింగర్ బృందం మెదడు స్కానింగుల్లో చూసినప్పుడు, నిద్రలోకి వెళ్లాక కూడా మెలకువను నిలిపే భాగాలు వీరిలో సరిగా చల్లబడలేదు. రాత్రంతా మేలుకునే ఉన్నానని రోగి అంటుంటే పక్కవాళ్లు గుర్రు విన్నామంటారు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

వంశపారంపర్యం కొంత ఉంది. కవలల మీద జరిగిన అధ్యయనాల ప్రకారం నిద్రలేమి ధోరణిలో మూడో వంతుకు పైగా జన్యువుల వాటా. 2019లో 13 లక్షల మంది జన్యు సమాచారం జల్లెడ పట్టిన అంతర్జాతీయ బృందం 202 చోట్ల నిద్రలేమితో సంబంధం కనుక్కుంది. ఒక్క జన్యువు పాడైతే వచ్చే జబ్బు కాదన్నమాట. వందల చోట్ల చిన్న చిన్న తేడాలు కలిసి ఒక మనిషిని ఇటు నెడతాయి. అందుకే రక్తపరీక్షతో తేల్చేది కాదు.

నిర్ధారణ

ఫలానా జబ్బు ఉంది అని చూపే పరీక్ష లేనందున, ఫలానావి లేవు అని ఒక్కొక్కటే తీసేస్తూ పోవడమే నిర్ధారణ. మొదటి పనిముట్టు నిద్ర డైరీ. రెండు వారాల పాటు పడుకున్న వేళ, నిద్ర పట్టిందనిపించిన వేళ, ఎన్నిసార్లు లేచారు, ఎప్పుడు మంచం దిగారు, కాఫీ టీలు ఎన్ని, మందులు ఏవి అని పొద్దున లేవగానే రాసుకోవాలి. రాత్రి గడియారం చూసి రాయకూడదు. పొద్దున అంచనాగా రాస్తే చాలు. ఏడు ప్రశ్నలతో 28 మార్కుల దాకా కొలిచే నిద్రలేమి తీవ్రత పట్టికలో 15 గానీ అంతకు మించి గానీ వస్తే వైద్యం అవసరమైన స్థాయి. రాత్రంతా తీగలు తగిలించి చేసే పాలీసామ్నోగ్రఫీ మామూలు నిద్రలేమికి అవసరం లేదు. గురక, ఊపిరి ఆగడం, కాళ్లు కొట్టుకోవడం వంటి అనుమానం ఉన్నప్పుడే చేయిస్తారు.

పొరపడే అవకాశం ఎక్కువున్నవి కొన్ని. రాత్రి మూడింటికి పడుకుని పొద్దున పదకొండింటి దాకా హాయిగా నిద్రపోగలవారిది నిద్రలేమి కాదు, ఆలస్యంగా నడిచే గడియారం; కాలేజీ కాలంలో బయటపడే ఈ తేడా కొన్ని కుటుంబాల్లో సీఆర్‌వై1 అనే జన్యువుతో వస్తుందని 2017లో తెలిసింది. రోజుకు ఐదారు గంటలే పడుకుని ఉత్సాహంగా తిరిగేవారు పుట్టు అల్పనిద్రులు. డీఈసీ2 జన్యువులో మార్పున్న అలాంటి తల్లీకూతుళ్లను 2009లో గుర్తించారు. వారికి ఏ బాధా లేదు, వైద్యమూ అక్కర్లేదు. పడుకోగానే కాళ్లలో పాకినట్టు పీకినట్టు ఉండి కదిలిస్తే గానీ ఊరట లేకపోతే ఇనుము లోపం చూడాలి. థైరాయిడ్ ఎక్కువ కావడం, ఉబ్బసం మందులు, కుంగుబాటు, బైపోలార్ రుగ్మత ఇవన్నీ దాటాక, చిన్ననాటి నుంచీ ఉన్నదని నమ్మకంగా తేలాక మాత్రమే అకారణం అన్న మాట రాస్తారు. అమెరికా వేళలకు పనిచేసే హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పగలు నిద్ర పట్టడం లేదంటే ముందు షిఫ్టును ప్రశ్నించాలి.

నిద్ర లేక చనిపోతామేమోనన్న భయం చాలామందిని వైద్యుడి దాకా తెస్తుంది. ప్రాణాంతక వంశపారంపర్య నిద్రలేమి అనే జబ్బు ఒకటి నిజంగానే ఉంది. ఇటలీలో ఒక కుటుంబంలో దాన్ని 1986లో లుగరేసి బృందం వర్ణించింది. అది ప్రియాన్ అనే ప్రొటీన్ చెడి మెదడును తినేసే అత్యంత అరుదైన వ్యాధి. సాధారణంగా నడివయసులో మొదలై నెలల్లో ముదురుతుంది. అకారణ నిద్రలేమికి దానితో చుట్టరికం లేదు. 1964లో శాన్‌డియాగోలో పదిహేడేళ్ల రాండీ గార్డ్‌నర్ 264 గంటలు మేలుకుని ఉన్న తర్వాత తానుగా నిద్రపోయి లేచాడు. ఏళ్ల తరబడి రెప్ప వేయలేదని పత్రికలకెక్కే మనుషుల సంగతి ఏదైనా, నిద్రలేమి ఉన్నవారు తక్కువగానైనా, తెలియకుండానైనా నిద్రపోతూనే ఉంటారు.

దానితో బతకడం

రాత్రి పదిన్నరకు ఇంట్లో లైట్లు ఆర్పుతారు. పది నిమిషాల్లో పక్కవాళ్ల ఊపిరి బరువెక్కుతుంది. ఎవరు ఎప్పుడు నిద్రలోకి జారారో ఇంట్లో ఒక్క మనిషికే తెలుసు. ఫ్రిజ్ ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. పన్నెండు దాటాక వీధికుక్కలు, రెండింటికి దూరంగా గూడ్సు బండి, నాలుగున్నరకు పాలప్యాకెట్ల ఆటో, ఐదింటికి గుడి మైకు. నిద్రపోయేవారికి రాత్రి ఒకే ముద్ద. ఈ మనిషికి అది ఏ గంటకు ఆ గంటగా విడిపోయి ఉంటుంది. ఒంటిగంటకు లెక్క మొదలవుతుంది: ఇప్పుడు పట్టినా ఐదు గంటలు దక్కుతుంది. రెండున్నరకు మళ్లీ అదే లెక్క, మూడున్నర గంటలు. రావాల్సిన కాస్త నిద్రనూ ఆ కూడికలూ తీసివేతలే తరిమేస్తాయి.

పొద్దున మొదలయ్యేది ఇంకో రకం శ్రమ. జ్వరం వస్తే థర్మామీటర్ చూపుతుంది, నిద్రలేమికి చూపించడానికి ఏమీ ఉండదు. ఫోను ఎక్కువ చూస్తున్నావంటారు, టీ మానమంటారు, మనసులో ఏదో పెట్టుకున్నావంటారు, ఒళ్లొంచి పనిచేస్తే అదే వస్తుందంటారు. ప్రతి సలహా వెనకా ఒక కారణం దాగి ఉంటుంది, ప్రతి కారణం వెనకా తప్పు నీదే అన్న ధ్వని ఉంటుంది. కారణం తెలియని జబ్బుకు చుట్టుపక్కలవాళ్లే కారణాలు పంచిపెడతారు. పిల్లలైతే దొంగనిద్ర నేర్చుకుంటారు. అమ్మ తిట్టకుండా కళ్లు మూసుకుని ఊపిరి నెమ్మదిగా తీయడం వారికి ఐదారేళ్లకే అలవడుతుంది. పెళ్లయ్యాక ఆ విద్య మళ్లీ అక్కరకొస్తుంది. శివరాత్రి జాగారం వీరికి విచిత్రమైన పండుగ: ఊరంతా తోడు మేలుకునే రాత్రి ఏడాదికి అదొక్కటే.

ఈ జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఆర్థర్ స్పీల్‌మన్ 1987లో చెప్పిన మూడు అంచెల నమూనా బాగా పనికొస్తుంది. నిద్రలేమికి ముందే ఉన్న తత్వం, దాన్ని రాజేసిన సంఘటన, ఆరిపోకుండా ఎగదోసే అలవాట్లు అని ఆయన విడదీశాడు. అకారణ నిద్రలేమిలో నడిమి అంచె దాదాపు ఉండదు. తత్వం ఒక్కటే చాలినంత బలంగా ఉంటుంది. కానీ ముప్పై నలభై ఏళ్లలో మూడో అంచె దాని మీద మందంగా పేరుకుంటుంది. నిద్ర దొరుకుతుందేమోనని తొమ్మిదింటికే మంచమెక్కడం, పొద్దున ఎనిమిది దాకా దొర్లడం, ఆదివారం పరిహారంగా మధ్యాహ్నం పడుకోవడం, మంచం చూడగానే గుండె దడ, రాత్రికో మాత్ర. పుట్టుకతో వచ్చిన నిద్రలేమి మూడు గంటలదైతే, పేరుకున్నది ఇంకో గంటో రెండో దొంగిలిస్తుంది. మొదటిదానికి కారణం తెలియదు, రెండోదానికి తెలుసు. నేటి వైద్యమంతా ఈ రెండోదాని మీదే గురిపెడుతుంది.

ఆరోగ్యం విషయంలో తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. దీర్ఘకాల నిద్రలేమి ఉన్నవారికి కుంగుబాటు వచ్చే అవకాశం సుమారు రెట్టింపని పలు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. యంత్రంతో కొలిచినా ఆరు గంటలకు తక్కువే నిద్రపోతున్న నిద్రలేమి రోగుల్లో రక్తపోటు ముప్పు ఎక్కువ. రాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు బతకాలనిపించని ఆలోచనలు వస్తే నిద్ర సంగతి తర్వాత, ముందు మాట్లాడాలి. 2022 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ సేవ 14416 నంబరులో ఏ వేళలోనైనా తెలుగులో కూడా పలుకుతుంది.

ఉపాయంగా బతికినవాళ్లూ ఉన్నారు. రష్యాలో పుట్టి అమెరికాలో పేరు తెచ్చుకున్న నవలాకారుడు వ్లదిమిర్ నబకోవ్ తన జ్ఞాపకాల పుస్తకంలో, జీవితాంతం తనకు నిద్ర తేలిగ్గా పట్టలేదని రాసుకున్నాడు. పసివాడిగా ఉన్నప్పుడు పక్కగదిలో పంతులమ్మ చదువుకుంటుంటే తలుపు సందులోంచి పడే సన్నటి వెలుగు గీతే ఆయనకు ఆసరా. ఆమె దీపం ఆర్పుతుందేమోనని భయపడుతూ పడుకునేవాడు. 1964లో అదే నబకోవ్ తన కలలను పొద్దున్నే కార్డుల మీద రాసుకుంటూ కొన్ని వారాల పాటు ఒక ప్రయోగం నడిపాడు. తెలుగు ఆడవాళ్ల పాటల్లో ఊర్మిళాదేవి నిద్రకు చోటుంది. అడవిలో పద్నాలుగేళ్లు లక్ష్మణుడు మేలుకుంటే ఇంట్లో ఊర్మిళ ఆ నిద్రంతా పోయిందంటుంది ఆ కథ. నిద్రను ఒకరి వాటా ఇంకొకరికి బదిలీ చేయొచ్చన్న ఆ ఊహ, పక్కమంచం మీద గుర్రు వింటూ పడుకున్నవారికి ఎవరికైనా ఒక్కసారైనా తట్టే ఉంటుంది.

చికిత్స

మొదటి వైద్యం మాత్ర కాదు. నిద్రలేమికి ప్రత్యేకించిన ప్రవర్తనా చికిత్సనే ముందు ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో మార్గదర్శకం ఇచ్చింది. అందులో ఒక పాయ రిచర్డ్ బూట్జిన్ 1972లో చెప్పినది: మంచానికీ నిద్రకూ మధ్య తెగిన ముడిని మళ్లీ వేయడం. నిద్ర ముంచుకొచ్చినప్పుడే పడుకోవాలి. పావుగంట, ఇరవై నిమిషాలైనా పట్టదనిపిస్తే లేచి వేరే చోట కూర్చోవాలి. మత్తు వచ్చాకే తిరిగి రావాలి. ఎన్నింటికి పడుకున్నా లేచే వేళ మారకూడదు. ఒకే గదిలో ఐదుగురు దోమతెరల కింద వరసగా పడుకునే ఇంట్లో ఇది చెప్పినంత తేలిక కాదు. గుమ్మం బయట కుర్చీయో, వరండాలో చాపో, డాబా మెట్లో ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఎందుకు లేచి వెళ్తున్నారో ఇంట్లోవాళ్లకు ఒకసారి వివరంగా చెప్పడం కూడా వైద్యంలో భాగమే.

రెండో పాయ స్పీల్‌మన్ పద్ధతి, మంచంలో గడిపే సమయాన్ని కుదించడం. ఉదాహరణకు ఒక మనిషి రాత్రి పదింటి నుంచి పొద్దున ఏడింటి దాకా మంచం మీద ఉంటాడు, డైరీ ప్రకారం సగటున నిద్రపోయేది ఐదున్నర గంటలు. తొమ్మిదింట ఐదున్నర అంటే 61 శాతం. ఇతనికి మంచం సమయం ఐదున్నర గంటలకే కట్టేస్తారు: రాత్రి ఒంటిగంటకు పడక, ఆరున్నరకు లేవడం, పగలు కునుకు లేదు. మొదటి రెండు వారాలు నరకమే; బండి నడపడం, ఎత్తులెక్కి పనిచేయడం మానుకోవాలి. క్రమంగా నిద్ర బాకీ పెరిగి, ముక్కలుగా ఉన్న నిద్ర ఒక దగ్గరకు చేరుతుంది. మంచం సమయంలో 85 నుంచి 90 శాతం నిద్రగా నిలబడితే పావుగంట పెంచుతారు. సాధారణంగా ఐదు గంటలకు తక్కువ కట్టరు. మూర్ఛ, బైపోలార్ ఉన్నవారికి ఈ పద్ధతి ప్రమాదం. అకారణ నిద్రలేమి ఉన్నవారు దీనివల్ల ఎనిమిది గంటల నిద్రపోతులు కారు. ఆరు గంటలు ఒకే ముక్కగా దొరికితే దాన్ని లాభంగానే లెక్కించాలి. చిక్కల్లా ఈ చికిత్స తెలిసిన మనస్తత్వ నిపుణులు పెద్ద నగరాలు దాటితే దొరకడం కష్టం కావడమే.

మాత్రల చరిత్ర ఒకటే కథ మళ్లీ మళ్లీ. 1903లో వచ్చిన వెరొనాల్ సురక్షితమన్నారు. మోతాదు కాస్త మించితే ప్రాణం పోతుందని తర్వాత తేలింది. 1960 నుంచి వచ్చిన బెంజోడయాజెపిన్లు ప్రాణం తీయడం తక్కువే గానీ వారాల్లో అలవాటవుతాయి. హఠాత్తుగా మానేస్తే ముందున్నదానికంటే తీవ్రమైన నిద్రలేమి తిరగబడుతుంది, వణుకు, మూర్ఛ కూడా రావచ్చు. 1992లో అమెరికాలో అనుమతి పొందిన జోల్పిడెం మోతాదును అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2013లో ఆడవారికి 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించింది. నిద్రలో నడవడం, బండి నడపడం వంటి ఘటనల వల్ల 2019లో అత్యంత తీవ్రమైన హెచ్చరిక జతచేసింది. మెలకువను నిలిపే ఒరెక్సిన్ అనే రసాయనాన్ని 1998లో కనుక్కున్నాక, దాన్ని అడ్డుకునే సువొరెక్సాంట్ 2014లో వచ్చింది. మత్తు కలిగించడం కాకుండా మెలకువను తగ్గించడం దీని తీరు. మెదడులోని ఉయ్యాలబల్ల మెలకువ వైపు ఒరిగి ఉందనుకునేవారికి ఈ వరస మందులు ఆసక్తికరమే.

భారతదేశంలో ఆల్‌ప్రజోలం, డైజెపాం, జోల్పిడెం షెడ్యూల్ హెచ్1 కిందికి వస్తాయి. 2014 మార్చి నుంచి మందుల దుకాణం డాక్టరు చీటీ చూసి, విడి రిజిస్టరులో పేరు రాసుకుని అమ్మాలి. వాస్తవంలో పాత చీటీ చూపి ఏళ్ల తరబడి కొనుక్కునేవారు తక్కువేం కాదు. తెలంగాణలో ఇదే ఆల్‌ప్రజోలం కల్తీ కల్లు రూపంలో, నిద్రమాత్ర పేరే తెలియని కూలీల దాకా చేరింది. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే కల్లు, మద్యం అందక వణుకుతో, అయోమయంతో, నిద్ర లేక హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం వరసకట్టారు. నిద్రమాత్ర ఆపాలంటే వారాల మీద కొద్దికొద్దిగా, వైద్యుడి పర్యవేక్షణలోనే తగ్గించాలి.

ఇంటి వైద్యంలో గసగసాలు, తలకు నూనె మర్దన, పాదాలకు నెయ్యి, గేదెపాలు వాడుకలో ఉన్నాయి. నిద్ర తెప్పించేవాటిలో గేదెపాలు మేటి అని చరకుడే అన్నాడు. అశ్వగంధ శాస్త్రీయ నామంలోని సోమ్నిఫెరా అన్న మాటకు నిద్ర తెచ్చేది అని అర్థం. హాయినిస్తాయి గనుక వాడుకోవచ్చు. అకారణ నిద్రలేమిని కుదుర్చుతాయనడానికి మాత్రం రుజువు లేదు. మద్యం కన్ను మూయిస్తుంది గానీ రాత్రి రెండో సగాన్ని చెడగొడుతుంది.

వయసుతో మార్పులు

పసిపిల్లల్లో ఈ జబ్బు పేరు పెట్టడానికి తొందరపడకూడదు. పళ్లు రావడం, చెవిపోటు, అడినాయిడ్లు, ఆటిజం, అతిచురుకుదనం ఏవీ కావని తేలాలి. పిల్లల నిద్రలేమికంటూ అమెరికా ఔషధ సంస్థ అనుమతించిన మందు ఒక్కటీ లేదు. లేచే వేళ స్థిరంగా ఉంచడం, నిద్ర రాని పిల్లను గంటల తరబడి చీకట్లో పడుకోబెట్టకపోవడం, మసక వెలుగులో బొమ్మో పుస్తకమో ఇవ్వడం, ముఖ్యంగా కొట్టకపోవడం, తిట్టకపోవడం ఇక్కడ చేయగలిగినవి. బడి వయసులో మొద్దు అన్న ముద్ర పడకుండా టీచరుకు చెప్పి ఉంచడం మేలు. కాన్పులు, ముట్లుడిగే కాలం ఆడవారిలో కొన్నేళ్లు తీవ్రత పెంచుతాయి. అరవై దాటాక అందరికీ గాఢనిద్ర తగ్గుతుంది కాబట్టి వీరికీ ఇతరులకూ మధ్య తేడా కొంత పూడుతుంది. అయితే ఆ వయసులో నిద్రమాత్ర వేసుకుని రాత్రి బాత్‌రూంకు లేచి పడితే తుంటి ఎముక విరిగే ముప్పుంది. యవ్వనంలో మొదలైన మాత్రను వైద్యులు మానిపించాలని చూసేది ఎక్కువగా ఈ దశలోనే.